గడ్డి ఏ పాపం చేసింది?

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం, మొదటి పాదంలో ఒక సూత్రానికి శంకరులు రాసిన భాష్యం మా నాన్నగారికి కంఠోపాఠం. నాకది ఎప్పుడు విన్నా బాటనీ పాఠంలాగే ఉండేది. లోకంలో ఒకరు సుఖపడుతూ ఇంకొకరు ఏడుస్తూ ఉంటే ఈశ్వరుడికి పక్షపాతమూ నిర్దయా ఉన్నట్టే కదా అని పూర్వపక్షం. శంకరులు వానను సాక్ష్యానికి పిలుస్తారు. వరికీ యవలకీ కురిసే వాన ఒకటే. ఇది వరిగా, అది యవలుగా పెరగడానికి కారణం ఆయా విత్తనాల్లోని శక్తి. అలాగే ఈశ్వరుడు అందరికీ సమానం, తేడాలు మాత్రం జీవుల కర్మవి. సరే, మొట్టమొదటి తేడా ఎలా వచ్చింది? సంసారం అనాది గనక దానికి మొదలు లేదంటుంది తరవాతి సూత్రం.

నాన్నగారికి ఇక్కడితో తృప్తి. డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనదాన్ని, నాకు మాత్రం ఒకటి పట్టి పీడించేది: ఆ దృష్టాంతంలో విత్తనం ఉంది, వాన ఉంది, నేల ఏదీ?

వేల్స్ దేశంలో ద్రూస్-ఎ-కోయిడ్ అనే లోయలో పాత రాగి గని ఒకటి ఉంది. తవ్వి పారబోసిన మట్టిలో రాగి ఎక్కువై మామూలు గడ్డికి వేరు సాగదు. అయినా అక్కడ ఆగ్రోస్టిస్ అనే గడ్డి పెరుగుతోంది. పక్క పచ్చికలో ఉన్నదీ అదే జాతి. 1960లలో వేల్స్‌లోనే ఉన్న బాంగర్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఆంథొనీ బ్రాడ్‌షా, ఆయన శిష్యులు ఇలాంటి గనుల గడ్డినే పట్టుకున్నారు. పచ్చికలో ఏరిన విత్తనాలు రాగి మట్టిలో చల్లితే వేలకు ఒకటో రెండో నిలుస్తాయి. మిగతావి మొలకెత్తుతాయి, వేరు దిగక చస్తాయి. నిలిచినవాటికి ఆ శక్తి రాగి తగిలాక వచ్చింది కాదు. పచ్చికలోనే, దానితో ఏ పనీ లేనప్పుడే, పుట్టుకతో ఉంది. తేడా విత్తనంలోనే ఉందన్నంతవరకు శంకరులు చెప్పింది అక్షరాలా నిజం.

కానీ అది పుణ్యమా? గని గడ్డిని తెచ్చి మంచి నేలలో నాటితే పచ్చిక గడ్డి పోటీకి తట్టుకోలేదు. గనికీ పచ్చికకీ మధ్య గట్టుకు ఇవతల వరమైనది అవతల బరువు. నేలను బట్టి రంగు మారేదాన్ని పుణ్యమని ఎలా అనను?

నాకు చెప్పడానికి ఎప్పుడూ ఇష్టమైన భాగం గాలి. బ్రాడ్‌షా శిష్యుల్లో ఒకడైన టామ్ మెక్‌నీలీ ఆ లోయలో గాలి వాలు చూసుకుని గడ్డిని వరసగా పరీక్షించాడు. గాలి వచ్చే వైపు గట్టు దగ్గర మీటరు దూరంలోనే మార్పు కొట్టొచ్చినట్టు కనిపించింది. గాలి పోయే వైపు మాత్రం రాగిని తట్టుకునే గుణం పచ్చికలోకి నూరు మీటర్లు దాటి పాకింది. పుప్పొడికి గట్టు లేదు. పచ్చిక పుప్పొడి గనిలోకీ వస్తుంది, అందుకే గని గడ్డికి పుట్టినా రాగికి తాళలేని పిల్లలు ఉంటాయి. ఏటా మళ్ళీ ఏరివేత. గని గడ్డి సుమారు ఒక వారం ముందు పూస్తుంది, దాంతో ఆ కలయిక కొంత తగ్గుతుంది. పుట్టుకతోనే స్వధర్మం ఖాయమనేవాళ్ళు ఈ గట్టు మీద కాసేపు నిలబడితే బాగుండును. అయినా గడ్డిని చూసి మనుషులకు నీతులు చెప్పడం నాకూ నచ్చదు, ఊరుకుంటాను.

నాన్నగారితో ఈ వాదన పెట్టుకుంటే, స్థావరాలైన చెట్టూ చేమల్లోనూ జీవుడుంటాడు, మొలక చస్తే అది దాని కర్మ అనేవారు. దీన్ని ఖండించలేం. నా ఫిర్యాదు అదే. ప్రతి చావుకీ అది జరిగాక ఈ జవాబు సరిపోతుంది, ఏది చస్తుందో ముందుగా మాత్రం చెప్పలేదు. రాగి కలిపిన నీళ్ళలో వేరు ఎంత సాగిందో కొలిస్తే ముందే చెప్పొచ్చు. ఇంకొకటి కూడా ఉంది: పచ్చికలోని చాలా జాతుల్లో అలాంటి విత్తనం ఒక్కటీ లేదు. అవి గనిలో అడుగే పెట్టలేదు. ఎంత అవసరమైనా ఆ గుణం పుట్టలేదు. పక్షపాతం అన్న నిందను గడ్డి కొట్టేస్తుందేమో గానీ, నిర్దయ అన్నది అలాగే ఉంది.

మా వదినకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోతే, ఏ జన్మలో ఏ పాపం చేశానో అని ఏళ్ళ తరబడి కుమిలింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు కూడా ఓదార్పు పేరుతో ఆ మాటే అన్నారు. శంకరులు ఈశ్వరుడికి చేసిన వకాల్తా చివరికి బాలింతరాలి మీద కేసుగా మారడం నేను చూశాను. నువ్వేమీ చెయ్యలేదు వదినా, విత్తనాల్లో తేడాలుంటాయి, అంతే అన్నాను. "అయితే నాకే ఎందుకు?" అంది. ఎలా జరిగిందో చెప్పగలను గానీ ఎందుకో చెప్పలేనన్నాను. "మరి నీ జవాబు నాకెందుకు?" అని, ఆ నెలలోనే నాగప్రతిష్ఠ చేయించుకుంది.