ఋతుధర్మము – జన్మధర్మము

మనుష్యుని గుణము పుట్టుకతో వచ్చునా, పెరిగిన చోటునుబట్టి వచ్చునా అను ప్రశ్న పాతది. కామాటిపుర గల్లీలలోను, మిల్లుల చుట్టుపట్ల చాళ్లలోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు ఇది వట్టి వేదాంతచర్చ కాదు. బతుకమ్మ పాటకు గొంతు కలుపలేని మనుమరాలిని చూచి పెద్దలు “రక్తములోని తెలుగు ఎక్కడికి పోవును? ఎప్పటికైన పైకి వచ్చును” అని ఊరట చెందుదురు. యువకులు “ఏ ఊరి నీరు త్రాగితిమో ఆ ఊరివారము” అందురు. ఈ రెండు మాటలలోను సగము సత్యమే కలదని మా అభిప్రాయము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తా పనిలో వయస్సు గడపిన మేము జీవశాస్త్రమున పండితులము కాము. అయినను విశ్రాంతి దినములలో చదివి తెలిసికొన్న సీతాకోకచిలుకల వృత్తాంతమొకటి ఈ తగవును కొంత తీర్చునని తోచి పాఠకుల ముందుంచుచున్నాము.

తెలుగుదేశమునను, ఈ బొంబాయి పరిసరములందును కానవచ్చు ఒక నారింజవన్నె సీతాకోకచిలుక రెక్కలపై నెమలికన్నులవంటి చుక్కలుండును. దాని శాస్త్రనామము జునోనియా అల్మానా. వానకాలమున పుట్టినదానికి రెక్కల అడుగుభాగమునందును కన్నులు స్పష్టముగా నుండును. ఎండుకాలమున పుట్టినదానికి అవి మాసిపోయి, రెక్క అంచులు కోణముగా సాగి, ముడిచినప్పుడు అచ్చముగా ఎండుటాకువలె కనబడును. జీవజాతులకు పేర్లు పెట్టు పద్ధతిని నెలకొల్పిన స్వీడన్ దేశీయుడు లిన్నేయస్ 1758లో ఈ రెండు రూపములను చూచి, రెండు వేరు జాతులనుకొని, రెండు పేర్లు పెట్టెను. అంతటి విద్వాంసుడును ఒక్క ఋతువులోని రూపమునే జాతిలక్షణముగా భ్రమించెను. మన దేశముననే లయొనెల్ డి నైస్‌విల్ అను పరిశోధకుడు మైకాలెసిస్ మొదలగు గోధుమవన్నె సీతాకోకచిలుకలను కలకత్తాలో గ్రుడ్లనుండి పెంచి, ఋతువునుబట్టి ఒకే జాతికి రెండు రూపములు వచ్చునని 1886లో ప్రకటించెను.

ఈ మార్పు ఎట్లు జరుగును? మైకాలెసిస్‌కు ఆఫ్రికాలో దగ్గరి చుట్టమొకటి కలదు. దాని పేరు బైసైక్లస్ అనినానా. 1988లో మలావి దేశమునుండి తెచ్చిన ఆడ సీతాకోకచిలుకల సంతతిని శాస్త్రజ్ఞులు నేటికిని పెంచి పరీక్షించుచున్నారు. దాని గొంగళిపురుగును 27 డిగ్రీల వేడిమిలో పెంచినచో పెద్ద కన్నులుగల వానకాలపు రూపము వచ్చును. 17 డిగ్రీల చల్లదనమున పెంచినచో చిన్న చుక్కల ఎండుకాలపు రూపము వచ్చును. గొంగళి మేత మాని, గూటికై తావు వెదకుచు తిరుగు కొద్ది సమయములోనే కన్నుల పరిమాణము చాలవరకు నిశ్చయమగును. అప్పటి వేడిమినిబట్టి శరీరములో ఎక్డైసోన్ అను హార్మోను హెచ్చుటయో తగ్గుటయో జరుగును. ఆ సందేశమును రెక్కలోని కణములు అందుకొనును. పచ్చదనములో తిరుగు కాలమున పెద్ద కన్నులు గొల్లభామ పురుగుల దెబ్బను దేహముపై పడనీయక రెక్క అంచునకు మళ్లించును. ఎండుటాకుల కాలమున కనబడకుండుటయే రక్ష.

ఇందు పుట్టుక పాత్ర ఏమి? గుమాస్తా భాషలో చెప్పవలెనన్న, జన్యువులు ఒకే ఉత్తరువు వ్రాసిన కాగితము కావు. “ఈ సూచన వచ్చినచో ఇట్లు చేయుము, రానిచో అట్లు చేయుము” అని రెండు విధములకును ఏర్పాటుగల నియమావళి. మారు శక్తియే వంశపారంపర్యము. ఆ శక్తి నశించుటకును అవకాశము కలదు. హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయమున పాల్ బ్రేక్‌ఫీల్డ్ బృందమువారు ప్రతి తరములోను పెద్ద కన్నులవానినే ఏరి పెంచిరి. మరొక వరుసలో చిన్న కన్నులవానినే ఏరిరి. అనేక తరములు గడచిన పిమ్మట మొదటి వరుస ఎంత చలిలోనైనను వానకాలపు రూపమునే, రెండవది ఎంత వేడిలోనైనను ఎండుకాలపు రూపమునే ధరించెను. అమెరికాలో శరత్తునందు ఎఱ్ఱబారు జునోనియా జాతియొకటి కలదు. దానిని ఇట్లే ఏరి పెంచి ఎల్లకాలము ఎఱ్ఱగానుండు వంశమును పొందిరి; ఆ మార్పునకు ముఖ్యముగా మూడు జన్యువులు కారణమని 2020లో వెల్లడించిరి. భేదము చాలవరకు ఆ జన్యువులను ఎప్పుడు పని చేయింపవలెనో నిర్ణయించు భాగములలో నున్నదట.

ఇక ఈ విషయము మనకేమి చెప్పుచున్నది?

మొదటిది, ఒక ఋతువును చూచి జాతికి పేరు పెట్టరాదు. 18వ శతాబ్ది చివర నిజాము రాజ్యమునుండి వచ్చి ఈ నగరమున రాళ్లు మోసి, భవనములు కట్టిన కామాటీల పేరే ఈ పేటకు నిలిచినది. కామాటి యనగా కూలివాడు. ఆ బొంబాయి తెలుగువారిలోనే రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటివారు, మహాత్మా జోతిరావు ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిరి. తరువాతి కాలమున మన పద్మశాలీలు మిల్లులలో మగ్గములు నడపిరి. 1982 సమ్మెతో ఆ బ్రతుకు చెదరినది. నేటికిని కామాటిపుర మన్నంతనే పెదవి విరచువారు కలరు. లిన్నేయస్ పొరపాటు పురుగుకు హాని చేయలేదు. మనుష్యులయెడ అదే పొరపాటు అన్యాయమగును. పేదరికమును పుట్టుకగా లెక్కించుట, ఒక వీథి దుర్దశను అందలి మనుష్యుల స్వభావముగా చెప్పుట, ఇవి అట్టివే.

రెండవది, “రక్తములోని తెలుగు” అను ఊరట నిజము కాదు. ఏ భాషనైనను నేర్చు శక్తి రక్తములో నుండవచ్చును. తెలుగు మాత్రము చెవిన పడినగాని రాదు. గొంగళి దశలో తగిలిన వేడిమియే రెక్కను నిర్ణయించినట్లు, పసితనమున వినిన మాటయే నాలుకను దిద్దును. బిడ్డకు ఆ ఋతువు మరెవరో కారు, మనమే. నగరపాలక సంస్థ పాఠశాలలు నడపు ఎనిమిది భాషలలో తెలుగు ఒకటి. ఆ తరగతులలో పిల్లలు తగ్గుచున్నారు. ఇంగ్లీషు చదువు జీవనోపాధికి అవసరమని తలిదండ్రులు కోరుట తప్పు కాదు. కాని ఇంట తెలుగు వినిపింపక, పిల్లలు తెలుగు మాటాడరని నిందించుట వాతావరణమునకు రెక్కను శిక్షించుటయే.

మూడవది, మారుట ద్రోహము కాదు. వీథిలో మరాఠీ, హిందీ, పనిలో ఇంగ్లీషు, ఇంట తెలుగు పలుకు బిడ్డ రెండు ఋతువులకు తగిన రెక్కగలవాడు. తరతరమున ఒక్క రూపమునే ఏరుకొనుట అసలు నష్టము. తెలుగే చాలునని గిరి గీసికొన్నవారును, తెలుగేలయని విడిచినవారును లైడెన్ ప్రయోగములోని రెండు వరుసలవంటివారే.

సామ్యమునకు హద్దు కలదు. సీతాకోకచిలుక తన ఋతువును ఎన్నుకొనదు. రెక్క విచ్చిన పిమ్మట చుక్కను దిద్దుకొనలేదు. మలావి సంతతిలో, సూచనకు స్పందించు తీరున వంశమునకు వంశమునకు భేదము మిక్కిలి స్వల్పమని 2018లో తేలినది. చలికిని వానకును గల పాత పొత్తు వాతావరణ మార్పుచే చెడినచో దానికి దారి కష్టము. మనుష్యునకు ఆ నిర్బంధము లేదు. నలువదియవ యేట అక్షరములు దిద్దుకొనవచ్చును, అలవాటు మానవచ్చును. కావున “కాలము నన్నిట్లు చేసినది” అను మాట పసివానికి చెల్లును, పెద్దవానికి పూర్తిగా చెల్లదు.

ఇతరుల దోషమును తూచునప్పుడు వారి ఋతువును లెక్కలోనికి తీసికొందము. మన దోషమును తూచునప్పుడు ఋతువును సాకుగా చెప్పకుందము. ఈ రాత్రి భోజనమువేళ పిల్లలతో తెలుగున నాలుగు మాటలాడుట ఏ శాస్త్రమును అడ్డగింపదు.