వసీయత్‌లో ఒక పరాయి పేరు

మా ఇళ్లలో షజ్రాకున్న గౌరవం వసీయత్‌కు లేదు. షజ్రా గోడకెక్కుతుంది. అరబ్బు నుంచో ఇరాన్ నుంచో బీదర్ మీదుగా వచ్చామని, ఫలానా హజ్రత్ ఔలాదులమని చెబుతుంది. వసీయత్ మాత్రం పెట్టె అడుగున పడి ఉంటుంది. మనమెంత గొప్పవాళ్లమో చెప్పేది షజ్రా. ఎవరికేం ఇవ్వాలో చెప్పేది వసీయత్. ఏది గోడకెక్కుతుందో వేరే చెప్పాలా?

మా ముత్తాత వసీయత్‌నామా ఫస్లీ 1338 నాటిది. అంటే 1928-29. సరూర్‌నగర్ వైపు బావి కింది భూమి, ఒక ఇల్లు, అంతే ఆస్తి. కొడుకులు, కూతుళ్ల ఊసు అందులో లేదు. వాళ్ల వాటాలు ఖురాన్‌లోనే ఉన్నాయి గనక రాయనక్కర్లేదు. రాసినవి మూడే సంగతులు. కఫన్ దఫన్ ఖర్చు, మసీదు దీపాలకు నూనె, ఆ తర్వాత ఒక ఆడమనిషి పేరు, ఆమెకు ఎకరా పది గుంటలు. ఆమె తండ్రి పేరు లేదు, భర్త పేరు లేదు, ఊరు లేదు. ఆయనకు ఏమవుతుందో లేదు. పేరు మాత్రం తెలుగు పేరు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె మనవలు, మునిమనవలు ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి ఉండొచ్చు. వాళ్లనడక్కుండా వాళ్ల అవ్వను బజార్లో నిలబెట్టే హక్కు నాకెక్కడిది? పైగా సరిగ్గా రాయలేను కూడా. షికస్తా రాతలో నుఖ్తాలు సగం ఎగిరిపోతాయి. ఊకీ ఓకీ ఒకటే వావ్. ళ లేదు, ణ లేదు. హ్రస్వాలు చదివేవాడి దయ. మూడు రకాలుగా చదవొచ్చు, మూడూ మన పల్లెల్లో పిలిచే పేర్లే. తెలుగు చదవడం రాని మా నాన్నకు అది చివరిదాకా 'కోయీ ఔరత్' మాత్రమే.

వెతకడం గురించి ఎక్కువ చెప్పను. వీలునామా రిజిస్టరైతే మూడో నంబరు పుస్తకంలో ఎక్కుతుంది, రాసినవాడు పోయాక నకలు ఎవరడిగినా ఇస్తారు. మాది రిజిస్టరే కాలేదు. ముస్లిం నోటితో చెప్పినా వసీయత్ చెల్లుతుంది గనక ఆయన కాగితం పెట్టడమే ఎక్కువ. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు మా తాత. ఆమె పేరు ఏ గడిలోనూ లేదు. ఉర్దూ పోయి తెలుగు వచ్చింది, 1978లో రంగారెడ్డి జిల్లా వచ్చింది, కాగితాలు ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు పోయాయి. భూమిని 1960ల్లోనే మావాళ్లు అమ్మేశారు. మా మేనత్తల పెళ్లిళ్లు, నాన్న చదువు, మేమున్న ఇల్లు ఆ డబ్బే. ఇప్పుడక్కడ కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్లు.

నన్ను ఆపింది రికార్డులు కాదు, మా ఇంట్లో వాళ్ల ప్రశ్న. ఎవరినడిగినా మొదటి మాట ఒక్కటే. ఎవరామె? ఫుప్పీ 'పాలిచ్చిన అన్నా అయ్యుంటుంది' అంది. ఒక బంధువు నవ్వాడు, ఆ నవ్వు అర్థం అందరికీ తెలుసు. చచ్చా అన్నాడు గదా, 'పురానీ బాతాఁ నక్కో నికాలో బేటా.' ఆయన షరియత్ తెలిసినవాడు. రాసినవాడికంటే ముందే ఆమె చనిపోయి ఉంటే వసీయత్ రద్దయినట్టేనని గుర్తు చేశాడు. నిజమే. కానీ చనిపోయిందో లేదో ఎవరైనా వెళ్లి అడిగారా? అడగనివాడికి ఆ అనుమానం వల్ల లాభం రావడం ఏం న్యాయం?

ఆమె ఎవరో తేలితే గానీ ఇవ్వాలా వద్దా చెప్పలేం అన్నట్టు మాట్లాడుకున్నాం. దాది అయితే కొంచెం, ఉంచుకున్నదైతే మౌనం. ముత్తాత అలా అనలేదే! పేరు రాశాడు, గుంటలు రాశాడు, సంబంధం రాయలేదు.

సంబంధం రాయడం ఎంత పని చేస్తుందో ఈ ఊరి చరిత్రలోనే ఉంది. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి కోఠీ దగ్గర దిగితే, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయంగా ఉన్న పాత రెసిడెన్సీ కనబడుతుంది. దాన్ని కట్టించిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఖైరున్నిసాను ముస్లిం పద్ధతిలో నికాహ్ చేసుకున్నాడని విలియం డాల్రింపుల్ 2002లో పుస్తకం రాశాడు. కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నిసాకు సొంత జాగీర్లున్నా, ప్రేమకు గుర్తుగా పదివేల హైదరాబాద్ రూపాయలివ్వమని వీలునామాలో రాశాడు. అదే కాగితంలో తమ ఇద్దరు పిల్లలనూ పెళ్లికి బయట పుట్టినవాళ్లకు ఇంగ్లీషువాళ్లు వాడే మాటతో పేర్కొన్నాడు. ఆస్తి ఇచ్చిన చెయ్యే నికాహ్‌ను కొట్టేసింది. అప్పటికే ఇంగ్లండుకు పంపేసిన ఆ పిల్లల్లో సాహిబ్ బేగం, కిట్టీ అయిపోయింది. హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరాలు కలిసేసరికి దాదాపు నలభై ఏళ్లు గడిచాయి. ఆ కాగితం పక్కన పెట్టి చూస్తే మా ముత్తాత మౌనం నాకు పిరికితనంగా కనబడదు.

ఇంకో సంగతి ఉంది, మా ఇంట్లో ఎవరూ నోటికి రానివ్వనిది. షరియత్‌లో ముస్లిమేతర చుట్టానికి వారసత్వం రాదు. తల్లయినా, చెల్లెలయినా. అలాంటి వాళ్లకు పోయాక ఏమైనా చెందాలంటే ఉన్న దారి వసీయత్ ఒక్కటే, అదీ మూడో వంతు లోపల. కలిమా చదివినవాడి కొడుకు, చదవకుండా ఉండిపోయిన పెద్దమ్మకో అక్కకో గుంటలు ఇవ్వాలనుకుంటే సరిగ్గా ఇలాంటి కాగితమే రాస్తాడు. ఆమె మా రక్తమని నేననడం లేదు, రుజువు లేదు. తెలుగు పేరు కనబడగానే దాది, దాసి, ఉంచుకున్నది అని మూడు మాటలొచ్చాయి గానీ, చుట్టం అన్న నాలుగో మాట మా ఇంట్లో ఒక్కరికీ ఎందుకు తట్టలేదన్నదే నా ప్రశ్న. 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను ఈ ఊరు కొందరికి మూసా రహీం, కొందరికి మూసా రాం చేసుకుంది. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే మూసారాంబాగ్ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. పరాయి దేశపువాణ్ని అంతగా కలుపుకున్న మనకు మన ఎకరా పది గుంటల మనిషి పరాయిదైంది. బయట మనల్ని ఎక్కణ్నించొచ్చారని అడిగితే ఇక్కడివాళ్లమే అని కోపంగా అంటాం. ఇంట్లో షజ్రా మాత్రం దించం.

ఎల్‌బీ నగర్ కోర్టులో ప్రాక్టీసు చేసే మిత్రుడు, ఏ మతమూ పట్టనివాడు, తేల్చేశాడు. వీలునామా వాటాకు దావా వెయ్యడానికి గడువు పన్నెండేళ్లు, ఎప్పుడో దాటింది, నిద్రపో అన్నాడు. ఒక మౌల్వీ సాబ్ అలా అనలేదు. హుఖూఖుల్లా అల్లా మాఫ్ చేస్తాడు, హుఖూఖుల్ ఇబాద్ ఆ మనిషే మాఫ్ చెయ్యాలి అన్నారు. దొరకని పక్షంలో దొరికిన సొమ్ములాగే ఆమె తరఫున సద్‌ఖా చెయ్యమన్నారు. రేపు హక్కుదారు వస్తే తిరిగి అడగొచ్చు, అప్పుడు ఇవ్వాల్సిందేనని కూడా చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది, సద్‌ఖా నచ్చలేదు. అప్పుపడ్డవాణ్ని నేను, సద్‌ఖాతో దాతనైపోతాను. ఆమె ఏ దేవుడికి మొక్కేదో తెలియకుండా ఆమె ఖాతాలో సవాబ్ వేయడం కూడా నాకు మింగుడుపడలేదు.

అందుకే నా వసీయత్ ఇప్పుడే రాశాను. ఆమె వాటాలో నా వంతు దానంగా కాదు, ఖర్జ్‌గా రాశాను. అప్పు వసీయత్‌కంటే ముందు తీరాలి, దానికి మూడో వంతు హద్దు లేదు. పేరు ఉర్దూలో ఒకసారి, తెలుగులో మూడు రకాలుగా మూడుసార్లు రాశాను. సంబంధం రాయలేదు.

తమ్ముడితోనే పేచీ. అమ్మిన నాటి ధర లెక్క కట్టు, సంతకం చేస్తానంటాడు. భూమి ఇవ్వమన్నాడు గానీ ముత్తాత 1960ల నాటి రూపాయలు ఇవ్వమనలేదు, ఇవాళ్టి ధర అంటాను నేను. ఎల్‌బీ నగర్‌లో గజం ధర తెలిసిన వాళ్లకు ఈ పేచీ చిన్నది కాదని తెలుసు. ఇద్దరం బిడ్డల తండ్రులం. ఆయన సంతకానికి కాగితం కింద చోటు వదిలాను. ఇంకా చెయ్యలేదు.