లోతు లేని నీళ్లు

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజు. ముందురోజు సాయంత్రం గాలిదుమారం లేచి ఎక్కడో కరెంటు స్తంభాలు ఒరిగాయట. వాటిని నిలబెట్టడానికని మధ్యాహ్నం రెండింటికి కరెంటు తీశారు. అచ్చంపేటలో ఆ వేళప్పుడు కిటికీ తెరిస్తే వడగాలి, మూస్తే ఉక్కపోత. ముందు గదిలో అక్వేరియం ఎదుట మోకాళ్ల మీద కూర్చున్న నా బిడ్డ, తొమ్మిదేళ్లది, నన్ను పిలిచింది.

"డాడీ, చేపలన్నీ మీదికొచ్చినయి. నోళ్లు తెరుస్తున్నయి."

ఆకలేమో అనుకుని చిటికెడు మేత వేశాను.

ఆ చిటికెడు మేత గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. నోరు తెరిచిన ప్రాణిని చూడగానే మనకు తోచేది ఆకలి ఒక్కటే. అవి అడిగింది ఊపిరి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఇమిడేది, 35 డిగ్రీలకు చేరేసరికి 7కు పడిపోతుంది. అదీ నీటికి గాలి బాగా తగులుతున్నప్పటి లెక్క. చేప ఒంటికి సొంత వేడి ఉండదు. చుట్టూ నీళ్లెంత వేడో దాని ఒళ్లూ అంతే. వేడి పెరిగితే గుండె, మొప్పలు, అరుగుదల అన్నీ వడి అందుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే దానికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. ఖర్చు పెరిగే వేళకే రాబడి పడిపోవడమంటే ఏమిటో మా పాలమూరు మనుషులకు విడమర్చి చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ సమయంలో నేను మేత వేశాను. తిన్నది అరగడానికి ఆక్సిజన్ కావాలి. తినక వదిలేసింది కుళ్లడానికీ అదే కావాలి. కుళ్లిన దాన్నుంచి అమ్మోనియా పుడుతుంది; నీళ్లు ఎంత వేడిగా ఉంటే ఆ అమ్మోనియాలో చేపను చంపే పాలు అంత ఎక్కువ. దాన్ని తిని బతికే మేలు బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో ఉంటుంది. దానికీ ఊపిరి కావాలి, కరెంటు లేక ఫిల్టరు ఆగిపోయింది. నేను ప్రేమగా చేసిన పని అన్ని వైపుల నుంచీ వాటి గొంతు మీదే పడింది.

థర్మామీటరు 34 చూపిస్తోంది. తొట్టిలో ఉన్నవి నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. వేయేళ్ల కిందట చైనాలో కొలనుల్లో పెంచి, రంగు రంగులుగా మలచిన జాతి అది. చల్లని నీళ్ల ప్రాణి. 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే దానికి హాయి. ఆ సంగతి కొనే రోజున నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచనే రాలేదు. బిడ్డ ముచ్చటపడింది, రంగు బాగుంది, అంతే.

గాబరాగా ఫ్రిజ్‌లోంచి రెండు బాటిళ్లు తీసుకొచ్చాను, తొట్టిలో గుమ్మరిద్దామని. మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎండల పడి వచ్చినోనికి ఒక్కపారే సల్లటి నీళ్లు పోస్తరా కొడుకా? పాణం గుంజుకపోతది."

అమ్మ బడికి పోలేదు. చేపలు పెంచేవాళ్లు చెప్పేదీ ఆ మాటే: గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి దింపకూడదు, వేడికి తట్టుకున్న చేప ఒక్కసారిగా తగిలిన చలికి పడిపోవచ్చు. బాటిళ్ల మూతలు బిగించి, అలాగే నీళ్ల మీద తేలేశాం. తొట్టి మీది గాజు పలక తీసేశాం. అమ్మ వంటింటి మూలన ఇసుక మీద పెట్టుకున్న తన రంజన్ దగ్గరికి నడిచి, రెండు చెంబులు ముంచి తెచ్చింది.

ఆ రంజన్ గురించి కాస్త చెప్పాలి. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా అమ్మ అందులో నీళ్లు తాగదు. ఏటా ఉగాది ముందు కుమ్మరి దగ్గర కొత్త రంజన్ కొనాల్సిందే. ఆ మట్టి గోడల్లోంచి నీళ్లు సన్నగా చెమర్చి ఆవిరవుతాయి. ఆవిరయ్యే నీళ్లు మిగిలిన నీళ్ల వేడిని తమతో పట్టుకుపోతాయి. ఒక్క లీటరు నీళ్లు ఆవిరైతే పోయే వేడి, నూరు లీటర్ల నీళ్లను ఆరు డిగ్రీల దాకా చల్లార్చడానికి సరిపోతుంది. మాది మూడడుగుల తొట్టి, అందులో పట్టేది నూరు లీటర్లే. అంటే మందు నా ఇంట్లోనే, పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉంది. గోల్డ్‌ఫిష్‌ను ఇంట్లోకి తెచ్చుకున్న తొలికాలపు చైనావాళ్లు కూడా దాన్ని పింగాణీ, మట్టి గోలేల్లోనే పెంచారు, పైనుంచి వంగి చూసేవాళ్లు. పక్కనుంచి చూడాలన్న కోరిక మనిషికి తర్వాత పుట్టింది. గాజు తొట్టి వచ్చింది ఆ కోరిక కోసమే. మట్టి గోడ చెమర్చినట్టు గాజు చెమర్చదు.

చీకటి పడింది, కరెంటు రాలేదు. పంపు చేసే పని చేతులతో చేయాలి. తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నని ధారగా తిరిగి తొట్టిలోకే పోయడం. ధార నీటిని కొట్టినచోట బుడగలు లేస్తాయి, వాటితో గాలి లోపలికి పోతుంది. నేనొక అరగంట, నా భార్య ఒక అరగంట, నిద్ర ఆపుకోలేకపోయినా బిడ్డ ఒక పది నిమిషాలు. తొట్టిలో రెండు నీటిమొక్కలున్నాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ మొక్కలు కూడా రాత్రయితే తీసుకునేవే. 1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త రెండు గోల్డ్‌ఫిష్‌లను, ఒక నీటిమొక్కను, నత్తలను ఒకే పాత్రలో ఉంచి, ఒకదాన్ని ఒకటి బతికించుకోగలవని చూపించాడు. ఇంటి అక్వేరియాలకు ధైర్యం అక్కడి నుంచే వచ్చింది. ఆ సమతూకం నిజమే. కానీ అది రోహిణి కార్తెలో, స్లాబు ఇంట్లో, కరెంటు లేని రాత్రి నిలిచే సమతూకం కాదు. అప్పుడు తక్కెడ ముల్లును ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి.

పోస్తూ పోస్తూ ఉండగా బిడ్డ అడిగింది, "మీద వేడిగున్నప్పుడు కిందికి పోవచ్చు గద, ఎందుకు పోతలెవ్వు?"

నేను చెయ్యి తొట్టి అడుగుదాకా పెట్టి చూశాను. పైన ఎంత వేడో కిందా అంతే.

చిన్నప్పుడు మా ఊళ్లో మోటబావిలో ఈత కొట్టేవాళ్లం. వైశాఖంలో పై నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. నిలువుగా దిగితే మోకాళ్ల దగ్గర ఒక చల్లదనం, పాదాల దగ్గర ఇంకో చల్లదనం. పొద్దున గట్టుకానుకుని తిరిగే పరకలు మిట్టమధ్యాహ్నం ఒక్కటీ కనబడేది కాదు. ఎక్కడికి పోయాయో మాకు తెలుసు. చేపకు వేడిని ఎదుర్కొనే వైద్యం ఒకటే, చోటు మారడం. లోతుకు పోవడం, ఊట ఉన్న పక్కకు పోవడం, గట్టు చెట్టు నీడకు చేరడం. చెరువు ఎండితే కొర్రమట్ట బురదలోకి దూరి, పైగాలి పీల్చుకుంటూ వానదాకా ఓర్చుకుంటుంది. ఎండలు ముదిరితే మా అచ్చంపేట జనం ఉమామహేశ్వరం కొండ ఎక్కి ఆ చరియ నీడన కూర్చున్నట్టే. నేను ఆ నాలుగు చేపలకు నీళ్లిచ్చాను, మేతిచ్చాను, రంగు గులకరాళ్లు పరిచాను, బల్బు పెట్టాను. చోటు మారే వీలు తీసేశాను. అడుగుంబావు నీళ్లలో లోతు ఎక్కడిది?

భాగవతంలో సత్యవ్రతుడనే రాజు కథ ఆ రాత్రే నాకు వేరుగా అర్థమైంది. కృతమాల నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చేపపిల్ల వచ్చింది. కాపాడమంటే కమండలంలో వేసుకున్నాడు. ఇరుకైందంటే గంగాళంలోకి, తర్వాత మడుగులోకి, సరస్సులోకి, చివరికి సముద్రంలోకి. చిన్నప్పుడు ఆ చేప పెరగడమే వింతగా ఉండేది. ఇప్పుడు రాజు తీరు వింతగా తోస్తోంది. చేప ఇరుకన్న ప్రతిసారీ ఆయన పాత్ర మార్చాడే తప్ప, నిన్న సరిపోయింది ఇవాళ ఎందుకు చాలదని అడగలేదు. నది నుంచి ఎత్తుకున్నవాడికి ఆ అడిగే హక్కు లేదని ఆయనకు తెలుసనుకుంటాను.

అచ్చంపేట నుంచి మన్ననూరు దారి పడితే అమ్రాబాద్ పులుల అడవి, 2,611 చదరపు కిలోమీటర్లు. అక్కడి జంతువులకు నడిచిపోయే చోటుకు కొదవలేదు. అయినా వేసవిలో వాగులు ఎండితే, అటవీశాఖవాళ్లు అడవిలో సాసర్ గుంతలు కట్టి ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు. దుప్పులు, అడవిపందులు, చిరుతలు వచ్చి తాగిపోతాయి. ఇదివరకు దాన్ని దయ అనుకునేవాణ్ణి. దయ కన్నా అది బాకీకి దగ్గరగా ఉందనిపిస్తోంది. చుట్టూ రోడ్లు, ఊళ్లు, పొలాలు పరచి, మిగిలింది మీదని గీత గీశాక, ఆ గీత లోపలి దప్పిక గీసినవాళ్ల లెక్కలోకే వస్తుంది.

కరెంటు రాత్రి ఒంటిగంట దాటాక వచ్చింది. వెంటనే ఫిల్టరు వేయకుండా, పది పన్నెండు గంటలు ఊపిరాడక మురిగిన ఆ స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి పెట్టాను. కొళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే మిగిలిన కొద్దిపాటి బాక్టీరియా కూడా పోతుంది. టేబుల్ ఫ్యాను నీటి పైభాగానికి ఏటవాలుగా తిప్పాను. మా వైపు పొడి ఎండలకు ఇంతకు మించిన ఉపాయం లేదు. వానలు పడి గాలిలో తేమ చేరాక మాత్రం అంత పనిచేయదు. తెల్లారేసరికి 29. మూడు చేపలు మధ్య నీళ్లలోకి దిగి తిరుగుతున్నాయి. నాలుగోది, తెల్లతోకది, పక్కకు ఒరిగి ఉంది. దాన్ని బిడ్డే బయటికి తీసింది. ఏడవలేదు, ఒక్క మాట అడిగింది, "అది మొదట్నుంచే మనకు చెప్తున్నదా?" అవునన్నాను.

పది రోజులకు మృగశిర. ఆ రోజు చేపల కూర వండని ఇల్లు మా వీధిలో తక్కువ. నేనూ సంచి పట్టుకుని బజారుకు పోయాను. నాలుగు చేపల కోసం రాత్రంతా మేల్కొన్నవాడివి ఇదెలా కొంటున్నావని నన్ను నేనే అడిగాను. తేలికైన జవాబు లేదు. వల పడేదాకా చెరువు చేపకు చెరువంతా ఉంది, ఎండపూట ఎటు పోవాలో అదే తేల్చుకుంది. నా తొట్టిలో దానికి నేను తప్ప వేరే పగలు లేదు, రాత్రి లేదు. తినడం కన్నా పెంచడం పెద్ద పూచీ అని అనుకుంటూ ఇంటికొచ్చాను. ఈ మాటతో అందరూ ఒప్పుకోకపోవచ్చు.

ఆ సాయంత్రమే, కూర పొయ్యి మీద ఉండగా, అమ్మ తన మంచం మీద కూర్చుని విసనకర్ర ఆడిస్తూ మామూలుగా అంది:

"ఈ ఇంట్ల ఏడ గూసున్నా ఒక్కతీర్గనే ఉంటది."

చెంబు పట్టుకుని నీళ్లు పోసిన రాత్రి నేను తొట్టి అడుగున చెయ్యి పెట్టి తెలుసుకున్నదీ అదే. ఊళ్లో అమ్మది మట్టి మిద్దె. పొద్దున తూర్పు అరుగు, ఎండెక్కితే చీకటి అర్ర, మూడు దాటితే వేపచెట్టు కింద గడంచ, రాత్రి మిద్దె మీద. రోజంతా ఆమె నీడతో పాటు ఇల్లు తిరిగేది. ఎవరూ ఆమెను ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు. నాయిన పోయాక ఒంటరిగా ఎందుకని, మూడేళ్ల కిందట ఈ పై అంతస్తుకు తెచ్చాను. మంచం ఇచ్చాను, ఫ్యాను ఇచ్చాను, టీవీ ఇచ్చాను. పైన స్లాబు, నాలుగు గదులు, అన్నింటికీ ఒకే ఎండ. మూడు వేసవులు ఆమె ఏమీ అడగలేదు. లేక అడిగిందేమో, నేను అన్నం పెట్టి ఊరుకున్నానేమో.

మరునాడు తొట్టిని ఉత్తరపు గదిలోకి, నేలకు దగ్గరగా ఉన్న బల్ల మీదికి మార్చాను. పగిలిన పాత రంజన్ పెంకు ఒకటి కడిగి మూలన బోర్లించాను, నీడకు. స్లాబు మీద రెండు చేతులు సున్నం వేయించాను, వెనక వరండాకు పచ్చ నెట్ కట్టించాను, మేడమెట్ల కింద ఖాళీ చోటు ఊడ్పించి ఇంటాయన అనుమతితో ఒక గడంచ వేశాను. అమ్మను ఎక్కడ కూర్చోమనీ చెప్పలేదు.

రెండు రోజులు ఆమె మంచం దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో కనబడకపోతే వెతికాం. మెట్ల కింద గడంచ కూడా ఖాళీగానే ఉంది. ఉత్తరపు గదిలో, అక్వేరియం బల్ల పక్కన, తడి బట్టతో తుడిచిన బండల మీద చాప పరుచుకుని పడుకుంది. ఫ్యాను గాలి తొట్టి మీదుగా ఆమె మీదికి వస్తోంది. పెంకు కింద నుంచి ఒక చేప తోక మాత్రం కనిపిస్తోంది.

"గీడ జర సల్లగున్నది," అంది కళ్లు తెరవకుండానే.