పై అంతస్తులోని పొరుగువారు

ధ్యానభాగము: యిర్మీయా 29:4-10



మా సంఘపు వృద్ధ సహోదరి యొకామె, కుమారుని కంప్యూటరు ఉద్యోగమునుబట్టి ఊరు విడిచి బాచుపల్లిలో నాలుగవ అంతస్తు ఫ్లాటునకు వచ్చెను. ఆమెను దర్శింపబోయి ఒక రాత్రి అక్కడ నుంటిని. క్రింద లారీల హారనులు, ప్రక్కన కట్టుచున్న భవనపు యంత్రములు, పైన శిశువు ఏడ్పు. నాకు నిద్ర పట్టలేదు, ప్రార్థనయు సాగలేదు.

"ఈ గోలలో ఎట్లు ప్రార్థన చేయుచున్నావమ్మా?" అని అడిగితిని.

"నెల దినములు, ఊరికి పంపివేయుమని ప్రభువును ఏడ్చి అడిగితిని, అయ్యగారూ. ఒకనాడు ఆ బిడ్డ ఏడ్పు మానకపోగా మెట్లెక్కి పోతిని. తల్లి ఒడిశా పిల్ల, ఒంటరిగా నున్నది. ఆమె మాట నాకు రాదు. బిడ్డను ఎత్తుకొంటిని. ఇప్పుడు ఏడ్పు వినబడిన, వాని పేరెత్తి ప్రార్థింతును" అనెను.

క్రీ.పూ. 597లో బబులోనునకు కొనిపోబడినవారు రెండేండ్లలో తిరిగి వత్తురని హనన్యా చెప్పెను. దేవుడు 70 ఏండ్లని చెప్పి, అక్కడనే ఇండ్లు కట్టుకొని, తమ్మును చెరపట్టిన ఆ పట్టణము కొరకే ప్రార్థింపుమని యిర్మీయాచేత వ్రాయించెను. గోల మానువరకు ఆగుమనలేదు.

ప్రియులారా, కాపరినైన నేను ఆ రాత్రి గోలనే వింటిని. ఆమె పొరుగువారిని వినెను. ఈ నెలలో మనమును ఒక తలుపు తట్టుదము. ప్రభువు మనకట్టి చెవి దయచేయును గాక. ఆమేన్.