ఒకే వైపు చూసే కళ్ళు



1990 మే 9న విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 2025లో అదే తేదీన మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఆ రోజుల్లో కపిలేశ్వరపురంలో గుడి అరుగు మీద ఒక తాతగారూ, ఇంటర్ చదివే కుర్రవాడూ చిరంజీవి గురించి వాదించుకుంటున్నారు. తాతగారు 1983 నాటి ‘ఖైదీ’ అభిమాని. కుర్రవాడు ఆ తర్వాత పాతికేళ్ళకు పుట్టాడు. మీ కాలం, మా కాలం అన్న మాటే రాలేదు. దివ్యబలిపూజలో మాత్రం ఒకరు ముందు వరుసలో, మరొకరు గుమ్మం బయట!

పునీత అగస్తీను ‘దైవనగరం’ 19వ భాగంలో, తాము ప్రేమించే వాటి విషయమై ఏకమైన వివేకవంతుల సమూహమే జనం అన్నారు. వారు దేనిని ప్రేమిస్తారో చూస్తే వారెటువంటివారో తెలుస్తుందట. అభిమానులు ఒకరి వయసు ఒకరు చూసుకోరు. ఇద్దరూ ఒకే వైపు చూస్తారు. పైగా అక్కడ అందరికీ పని ఉంటుంది. పెద్దాయన పాత ముచ్చట్లు చెప్పాలి, కుర్రవాడు బ్యానరు కట్టాలి. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు స్థాపిస్తే అభిమానులు రక్తమిచ్చారు. మరో హీరో అభిమానులతో కొట్లాటలకు దిగేదీ ఈ అభిమానమే. ప్రేమించే వస్తువు చిన్నదైతే, ఆ ప్రేమ నిలవడానికి ఒక శత్రువు కావాలేమోనని నా అనుమానం.

మరి మన విచారణలో ఆ కుర్రవాడికి ఏ పని ఇచ్చాము? పండుగకు కుర్చీలు మోయించాము. విశ్వాసం మీ ఇంటికి ఎలా వచ్చిందండీ అని తాతగారిని ఎవరడిగారు? నేనూ అడగలేదు. మొన్న ఆదివారం పూజ అయ్యాక అడిగాను. ఆయన అరుగు మీద కూర్చుని మొదలుపెట్టారు. సైకిలు తీయబోయిన కుర్రవాడు స్టాండు వేసి నిలబడ్డాడు.