నేనెవరి పక్షాన నవ్వాను?

మైకేల్ టోల్కిన్ నవల 'ది ప్లేయర్' మొదటిసారి చదివినప్పుడు నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. హాస్టల్ గదిలో ఒక్కదాన్నే కూర్చుని పైకే నవ్వుకుంటూ చదివాను. సగం అయ్యేసరికి ఒక హంతకుడు పోలీసులకు చిక్కకూడదని గట్టిగా కోరుకుంటున్నాను. ఆ సంగతి పుస్తకం మూశాక గాని తట్టలేదు. తట్టాక కూడా పెద్దగా సిగ్గుపడలేదు. సిగ్గు చాలా ఏళ్ల తర్వాత, పుస్తకంతో సంబంధం లేని చోట కలిగింది. అక్కడికి తర్వాత వస్తాను.

1988లో వచ్చిన నవల ఇది. హాలీవుడ్ రచయితలు ఐదు నెలలపాటు సమ్మె చేసింది కూడా ఆ ఏడాదే. గ్రిఫిన్ మిల్ ఒక స్టూడియోలో పెద్ద అధికారి. రోజంతా రచయితలు చెప్పే కథలు వినడం, దాదాపు అన్నిటినీ కాదనడం అతని ఉద్యోగం. అలా తిరస్కారానికి గురైన రచయిత ఎవరో పేరు లేకుండా బెదిరింపు పోస్టుకార్డులు పంపుతుంటాడు. ఆ గొడవ వదిలించుకుందామని గ్రిఫిన్ డేవిడ్ కహానే అనే రచయితను వెతుక్కుంటూ వెళ్లి, అతన్ని చంపేస్తాడు. కార్డులు మాత్రం ఆగవు. చచ్చినవాడు వేరు, రాసేవాడు వేరు.

నవ్వు రావలసిందే. గ్రిఫిన్‌కి హత్య చేశానన్న బాధకంటే, కొత్తగా వచ్చిన లారీ లెవీ తన కుర్చీ లాక్కుంటాడేమోనన్న బెంగే ఎక్కువ. ఆ కొలతల తేడాలోనే హాస్యమంతా ఉంది. అయితే కథనం మొత్తం గ్రిఫిన్ తలలోంచి నడుస్తుంది. అతని భయాలే మనకు తెలిసిన భయాలు. కహానే గురించి మనకు తెలిసిందెంత? చచ్చినవాడికి దృక్కోణం ఉండదు. ఎవరి ఆందోళన మనకు తెలుసో వాళ్లే మనవాళ్లవుతారు, వాళ్లేం చేసినా సరే.

నవల గ్రిఫిన్‌ని సమర్థించడం లేదు, వెక్కిరిస్తోంది అని నేనే ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. అది నిజమే. కానీ రచయిత ఎవరిని వెక్కిరిస్తున్నాడనేది ఒక ప్రశ్న, చదివే నేను ఎవరి పక్కన కూర్చుని నవ్వుతున్నాననేది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పేసి రెండోదాన్ని తప్పించుకోవడం మా సాహిత్య విభాగాల్లో బాగా అలవాటైన పని.

1992లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దీన్ని సినిమాగా తీశాడు. స్క్రీన్‌ప్లే టోల్కిన్‌దే. సినిమాలో బానీ అనే ఆమె ఉంటుంది. స్టూడియోలో కథలు చూసే ఉద్యోగి, గ్రిఫిన్ ప్రియురాలు. ఆమెను పని మీద న్యూయార్క్ పంపించేసి, గ్రిఫిన్ హతుడి ప్రియురాలు జూన్‌కి దగ్గరవుతాడు. చివర్లో స్టూడియో ఒక సినిమా ముగింపు మార్చేస్తుంది. అసలు కథలో నిర్దోషి అయిన స్త్రీ మరణశిక్షకు గురవుతుంది. తీసినదాంట్లో హీరో వచ్చి కాపాడతాడు. అందరికీ బాగుంది, బానీకి తప్ప. ఆ మాట అన్నందుకు ఉద్యోగం పోతుంది. ఏడుస్తున్న ఆమెను దాటుకుని గ్రిఫిన్ గర్భవతి అయిన భార్య జూన్ దగ్గరికి వెళ్లిపోతాడు. హంతకుడికి బహుమానం ఒక స్త్రీ, నిజం అడిగినందుకు వీధిన పడింది మరో స్త్రీ. నేను మొదటిసారి చూసినప్పుడు బానీ నాకు విసుగనిపించింది, నవ్వు పాడు చేస్తోందని.

ఇక సిగ్గు సంగతి. నేను గెస్ట్ ఫ్యాకల్టీగా ఉన్నచోట ఒక సీనియర్ ఆచార్యుడి మీద పరిశోధక విద్యార్థిని ఫిర్యాదు చేసింది. ఒకరోజు మీటింగ్ అయ్యాక టీ తాగుతుంటే ఆయన ఆ విచారణ వ్యవహారమంతా హాస్యకథలా చెప్పాడు. నింపిన ఫారాలు, కాపీలు సరిపోక జిరాక్సు షాపు చుట్టూ తిరగడం, విచారణ తేదీకే పడిన విదేశీ సెమినారు. బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి. నేను నవ్వాను. పక్కనే ఉన్న సహోద్యోగి గ్లాసు కింద పెట్టి, "ఆ పిల్ల డిపార్ట్‌మెంట్‌కి వస్తోందా సార్?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. కాసేపటికి ఎవరో "మీ ముందు జోకులెయ్యకూడదు మేడమ్" అన్నారు. దానికీ నవ్వారు. నేను టీ తాగుతూ ఉండిపోయాను.

2013లో ఆస్కార్ నామినేషన్లు ప్రకటిస్తూ సెత్ మెక్‌ఫార్లేన్, ఉత్తమ సహాయనటి జాబితాలో ఉన్న ఐదుగురూ ఇక హార్వీ వైన్‌స్టీన్ అంటే ఇష్టమున్నట్టు నటించనక్కర్లేదని జోకు వేశాడు. హాల్లో నవ్వారు. వైన్‌స్టీన్ మీద ఆరోపణలు పత్రికలకెక్కింది 2017 అక్టోబరులో. అప్పుడు మెక్‌ఫార్లేన్, తన స్నేహితురాలికి ఎదురైనది విని కోపంతోనే ఆ మాట అన్నానని చెప్పాడు. కోపం నిజమే కావచ్చు. కానీ తెలిసిన సంగతి జోకుగా మారాక దాని మీద ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేకుండా పోతుంది కదా. విన్నారు, నవ్వారు, నాలుగేళ్లు గడిచాయి.

నవ్వంతా ఇలాంటిదేనా అంటే కాదు. ఆ సినిమాలోనే పాసడీనా పోలీస్ స్టేషన్ సన్నివేశం ఉంది. డిటెక్టివ్ ఏవరీ పాత్రలో వూపీ గోల్డ్‌బర్గ్ విచారణ మధ్యలో తన టాంపన్లు ఎక్కడని సహోద్యోగిని అడుగుతుంది, జూన్‌తో సంబంధం గురించి గ్రిఫిన్‌ని మొహం మీదే అడిగేస్తుంది. అతని జవాబుకి గదంతా పగలబడి నవ్వుతుంది. అక్కడ మాత్రం నవ్వు అతని మీదికి తిరుగుతుంది. సినిమా మొత్తంలో నాకు ఊపిరాడిన చోటు అదే. కొద్దిసేపే లెండి. సాక్షి వచ్చి, వరసలో నిలబెట్టినవాళ్లలో ఒక డిటెక్టివ్‌ని హంతకుడని చూపిస్తుంది. గ్రిఫిన్ ఇంటికి వెళ్లిపోతాడు.

నవల ఇప్పటికీ పాఠం చెబుతూనే ఉన్నాను. మొన్నామధ్య ఆ పాత సహోద్యోగికి ఫోన్ చేసి ఆ రోజు సంగతి ఎత్తాను. "నువ్వు నవ్వావా? నాకు గుర్తు లేదే" అంది. ఆ అమ్మాయి పీహెచ్‌డీ మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయిందని ఆమే చెప్పింది. మాటల్లో పేరు కూడా చెప్పింది. అప్పటిదాకా నాకు ఆ పేరు తెలియదు.