చెప్పుకొనే భారం: సహకారంలోని నైతిక ప్రశ్న

లైంగిక హింసకు గురైన స్త్రీ వైద్యునికి, పోలీసులకు, న్యాయవాదికి, న్యాయస్థానానికి ఒకే వృత్తాంతాన్ని మళ్లీ మళ్లీ చెప్పవలసి వస్తుంది. ప్రతి వ్యవస్థా తన అవసరం మేరకే అడుగుతుంది. ఆ అవసరాలన్నింటినీ మోసేది ఆమె ఒక్కతే. కనుక వివిధ రంగాల మధ్య సహకారాన్ని పాలనా సౌకర్యంగా కాక నైతిక బాధ్యతగా పరిగణించాలి.

కాంగో ప్రజాస్వామిక గణతంత్రంలోని బుకావు నగరంలో డెనిస్ ముక్వేగే 1999లో స్థాపించిన పాంజీ ఆసుపత్రి ఇందుకు నిదర్శనం. శస్త్రచికిత్సతో గాయం మానినంత మాత్రాన జీవితం కుదుటపడదు. అందువల్ల అక్కడ వైద్యం, మానసిక చికిత్స, న్యాయసహాయం, జీవనోపాధి అనే నాలుగింటినీ ఒక్కచోట చేర్చారు. మన దేశంలోని ‘సఖి’ కేంద్రాల ఆశయమూ ఇటువంటిదే.

అయితే ఈ సహకారంలోనే ఒక చిక్కు ఉంది. ఆమె నాలుగు గడపలు తిరగకుండా ఉండాలంటే ఆమె మాటలు సంస్థల మధ్య తిరగాలి. సమ్మతి లేకుండా అవి చేతులు మారితే, దేహంపై జరిగిన అతిక్రమణ కథనంపైనా పునరావృతమవుతుంది. 2018లో ముక్వేగేతో కలిసి నోబెల్ శాంతి బహుమతి పొందిన యజీదీ మహిళ నాదియా మురాద్ పేరిట 2022లో వెలువడిన నియమావళి ఈ ప్రమాదాన్ని గుర్తించింది. సాక్ష్యం సేకరించే దర్యాప్తు అధికారులు, పాత్రికేయులు, పరిశోధకులు ఆమె ఎరుకతో కూడిన సమ్మతి పొందాలనీ, అసలు ఆమెనే అడగవలసిన అవసరం ఉందా అని ముందుగా ప్రశ్నించుకోవాలనీ దాని సారం.

ఆమె మాటలను నమోదు చేసే భాషకూ ఈ బాధ్యత వర్తిస్తుంది. ‘మానభంగం’ అనే పదం నష్టాన్ని బాధితురాలి గౌరవంలో చూపుతుంది. ‘అత్యాచారం’ దోషాన్ని చేసినవాని నడతలో నిలుపుతుంది.

వ్యవస్థలు చేతులు కలిపాక ఆమెను ఎంత తక్కువగా అడిగాయి, ఆమె నిర్ణయానికి ఎంత చోటిచ్చాయి అన్నవే ఆ సహకారానికి కొలమానాలు.